ఆంథియాస్ గుంపులు: ఉప్పునీటి అక్వేరియంలో కొనుగోలు, పెంపకం

ఆంథియాస్ పగడపు దిబ్బల దగ్గర గుంపులుగా బతికే చిన్న సముద్రపు చేపలు. నారింజ, గులాబీ, ఊదా, పసుపు రంగుల్లో మెరుస్తూ రోజంతా నీటి మధ్యలో ఈదుతుంటాయి. అందుకే ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవారిలో వీటికి గిరాకీ ఎక్కువ. చాలా జాతులు ఒంటరిగా ఉంచితే బెదిరి తిండి మానేయవచ్చు. ఒక మగ, కొన్ని ఆడ చేపలు కలిసిన గుంపుగానో, అన్నీ ఆడ చేపల గుంపుగానో వీటిని కొనాలి, గుంపుగానే నిలుపుకోవాలి. తిండి, నీరు, తొట్టి పరిమాణం అన్నీ ఆ గుంపును బట్టే తేల్చుకోవాలి.

సముద్రానికి దూరంగా ఉన్న ఉత్తర తెలంగాణ ఊళ్లలో, ముఖ్యంగా జగిత్యాల జిల్లా పెగడపల్లి మండలం, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఈ చేపలను పెంచాలంటే ఎదురయ్యే పరిస్థితులను కూడా ఈ వ్యాసం వివరిస్తుంది. పెగడపల్లి నుంచి బంగాళాఖాతం తీరం తిన్నగా కొలిచినా దాదాపు 350 కిలోమీటర్లు. ఉప్పు దగ్గర్నుంచి చేప దాకా అన్నీ బయటి నుంచే రావాలి.

వర్గీకరణ, రూపం

ఆంథియాస్ వర్గంలో 200కు పైగా జాతులు ఉన్నాయి. చాలాకాలం వీటిని గ్రూపర్ చేపలు ఉండే సెరానిడే కుటుంబంలో ఒక ఉపకుటుంబంగా లెక్కించారు. ఇటీవలి వర్గీకరణలు ఆంథియాడిడే అనే వేరే కుటుంబంగా చూపుతున్నాయి. అక్వేరియం వ్యాపారంలో కనిపించేవాటిలో ఎక్కువ భాగం సూడాంథియాస్ ప్రజాతికి చెందినవిగా పేరు పొందాయి.

అందరికీ ఎక్కువగా తెలిసిన జాతి లైర్‌టెయిల్ ఆంథియాస్, శాస్త్రీయంగా సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త విల్‌హెల్మ్ పీటర్స్ 1855లో దీన్ని వర్ణించాడు. ఎర్ర సముద్రం, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి జపాన్, ఆస్ట్రేలియా దాకా ఇది కనిపిస్తుంది. పెద్దది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆడ చేప బంగారు నారింజ రంగులో ఉంటుంది, కంటి కింద ఊదా చార ఉంటుంది. మగ చేప ముదురు గులాబీ లేదా ఊదా రంగుకు తిరుగుతుంది. దాని వెన్ను రెక్కలో మూడో ముల్లు పొడవుగా సాగి ఉంటుంది, రొమ్ము రెక్క మీద ఎర్ర మచ్చ ఉంటుంది. ఈ తేడాలు దుకాణంలో కంటితోనే పట్టుకోవచ్చు.

గుంపు పద్ధతి, లింగమార్పు

ఆంథియాస్ చేపలు మొదట ఆడవిగా ఎదుగుతాయి. గుంపులో మగ చేప చనిపోతే, సాధారణంగా పైస్థాయిలో ఉన్న ఆడ చేప రెండు నుంచి నాలుగు వారాల్లో రంగు, నడవడి, అండాశయం అన్నీ మారి మగ చేప అవుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్త లెవ్ ఫిషెల్సన్ లైర్‌టెయిల్ మీద చేసిన పరిశీలనలను 1970లో నేచర్ పత్రికలో ప్రచురించాడు. మగ చేప ఉండటమే ఆడ చేపల మార్పును ఆపుతుందని, అది లేనప్పుడు మార్పు మొదలవుతుందని ఆ వ్యాసం చూపింది. తర్వాత డగ్లస్ షపీరో 1980లో సైన్స్ పత్రికలో ఇంకో సంగతి చెప్పాడు. పెద్ద గుంపుల నుంచి ఒకేసారి చాలా మగ చేపలను తీసేస్తే, ఆడ చేపలు అన్నీ ఒక్కసారి కాకుండా కొద్ది రోజుల తేడాతో ఒకదాని వెనక ఒకటి మగవిగా మారాయి.

పెంపకందారుకు దీనివల్ల రెండు లాభాలున్నాయి. మగ చేప దొరకకపోయినా ఆడ చేపలనే కొనవచ్చు, వాటిలో ఒకటి నాయకత్వం తీసుకుంటుంది. మగ చేప చనిపోయినా వెంటనే ఇంకొకటి తెచ్చి పెట్టనక్కర్లేదు. అలా తెస్తే అప్పటికే మారుతున్న చేపతో అది తలపడుతుంది. మార్పు వెనక్కి తిరగడం మాత్రం అరుదు. చిన్న తొట్టిలో రెండు మగ చేపలు చేరితే ఒకటి నలిగిపోక తప్పదు.

భారత జలాల్లో

లక్షద్వీప్, అండమాన్ పగడపు దిబ్బల్లో ఆంథియాస్ గుంపులు సహజంగా ఉన్నాయి. ఆంధ్ర తీరంలో పరిస్థితి వేరు. గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు వల్ల డెల్టా ముందు నీరు మసకగా ఉంటుంది, పగడాలు దిబ్బలు కట్టేంత తేటగా ఉండదు. జగిత్యాల జిల్లా ఉత్తరపు అంచున ధర్మపురి దగ్గర పారే గోదావరి చివరికి కలిసేది ఈ తీరంలోనే. కాబట్టి తెలుగు నేలకు దగ్గరి సముద్రం ఉన్నా, తెలుగు ఇళ్లకు వచ్చే ఆంథియాస్ ఆ సముద్రంలోంచి రావు. ఇండోనేసియా, మాల్దీవులు, శ్రీలంక వంటి దేశాల నుంచి దిగుమతిదారులు తెప్పిస్తారు, లేదా దేశంలోని ఇతర తీరాల నుంచి వస్తాయి.

ఈ ప్రాంతపు జనానికి బాగా తెలిసిన ఒక దేశం ఆంథియాస్ చరిత్రలోనూ ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వేలాది మంది బతుకుదెరువుకు వెళ్లిన గల్ఫ్ దేశాల్లో ఒమన్ ఒకటి. మార్సియా ఆంథియాస్ అనే జాతిని పరిశోధకులు జాన్ ర్యాండల్, జాన్ హూవర్ 1993లో వర్ణించింది ఒమన్ నుంచి తెచ్చిన నమూనాల ఆధారంగానే. ఆ జాతి తర్వాత కేరళ తీరంలోనూ కనిపించింది.

హేచరీలో పుట్టిన ఆంథియాస్

ఆంథియాస్ గుడ్లు నీటిలో తేలిపోతాయి. పొదిగిన పిల్లలు అతి చిన్నవి. వాటి నోటికి ఆర్టీమియా అనే ఉప్పునీటి చిన్న రొయ్య పిల్ల కూడా పెద్దదే. కోపెపాడ్ అనే సూక్ష్మ జలచరాల పిల్లలు సరైన సమయానికి అందకపోతే మొదటి రోజుల్లోనే పోతాయి. గుడ్లను రాయికి అంటించి కాపలా కాసే క్లౌన్ చేపలను హేచరీలో పుట్టించడం తేలికై, ఆంథియాస్‌ను పుట్టించడం కష్టమవడానికి అసలు కారణం ఇదే.

సీఎంఎఫ్‌ఆర్‌ఐగా పిలిచే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కేరళలోని విళింజం కేంద్రంలో మార్సియా ఆంథియాస్‌ను తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచింది. ఆ ఫలితాలు 2018లో ప్రచురితమయ్యాయి. ఇదే సంస్థ విశాఖపట్నం కేంద్రం ఆంథియాస్‌కు దూరపు చుట్టమైన ఆరెంజ్ మచ్చల గ్రూపర్ పునరుత్పత్తి మీద పనిచేసింది. గ్రూపర్ కూడా ఆడగా మొదలై మగగా మారే చేపే. అందువల్ల తల్లి చేపల్లో ఆడ మగ పాళ్లు కుదర్చడం హేచరీలకు పెద్ద పని. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలతో సముద్రపు అలంకార జీవుల పెంపకాన్ని నడిపింది. అయినా అంగట్లో దొరికే ఆంథియాస్‌లో ఇప్పటికీ ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే.

ఏ జాతి

తొలిసారి గుంపు పెట్టేవారికి రెండు జాతులు తగినవి. లైర్‌టెయిల్ గట్టి చేప, అందించిన తిండిని తొందరగా అందుకుంటుంది. కానీ పెద్దయ్యేకొద్దీ మగ చేప పెత్తనం పెరుగుతుంది. బార్ట్‌లెట్ ఆంథియాస్ 9 సెంటీమీటర్ల దాకానే పెరుగుతుంది. పసుపు వెన్ను, లేత ఊదా ఒళ్లు దీని గుర్తు. చిన్న తొట్టికి ఇదే నయం. డిస్పర్ ఆంథియాస్ నెమ్మదైనదే గానీ కాస్త సున్నితం.

చతురస్రాకారపు గులాబీ మచ్చ ఉండే స్క్వేర్‌బ్యాక్ మగ చేప 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. లోతు నీటి చేప కాబట్టి వెలుగు తక్కువగా ఉంటే మంచిది. పర్పుల్ క్వీన్ పేరుతో అమ్మే టూకా, పాస్కాలస్ జాతులు, హిందూ మహాసముద్రపు ఈవాన్సీ జాతి చూడటానికి చాలా అందమైనవి. ఇవి రోజంతా తింటూనే ఉండాలి. తిండికి అలవాటు పడకముందే చాలా చేపలు చిక్కి చనిపోతాయి. వీటిని అనుభవజ్ఞులకు వదిలేయడం మంచిది. సన్‌బర్స్ట్ ఆంథియాస్ మాత్రం గుంపు కోరదు. గుహల్లో, రాళ్ల నీడన ఒంటరిగా తిరుగుతుంది.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదట దుకాణదారును తినిపించి చూపమనాలి. తిండి పడగానే ముందుకు వచ్చి అందుకునే చేపనే కొనాలి. మూలన దాగినది, పైకి తేలిపోతున్నది, తలకిందులుగా ఈదుతున్నది వద్దు. లోతు నుంచి తొందరగా పైకి లాగినప్పుడు గాలి తిత్తి ఉబ్బి చేప అలా తేలుతుంది. పక్కల మీద ఎర్రటి పుండ్లు లేదా పొలుసు రాలిన చోటు ఉంటే ఆ తొట్టిలో ఏ చేపనూ కొనవద్దు. మొప్పలు గబగబా ఆడటం, వెన్ను సన్నబడి తల పెద్దగా కనిపించడం, పొట్ట లోపలికి పీక్కుపోవడం కూడా చెడు గుర్తులే.

వచ్చి కనీసం వారం పది రోజులు దుకాణంలో ఉండి తింటున్న చేపలు కొంటే నష్టం తగ్గుతుంది. అప్పుడే పెట్టె విప్పిన చేపకు అడ్వాన్స్ ఇచ్చి వారం ఆగడం మేలు. ఏ దేశం నుంచి వచ్చిందో, వలతో పట్టినదో కాదో అడగాలి. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి పగడపు దిబ్బల మీద సయనైడ్ చల్లి చేపలను మత్తెక్కించి పట్టడం జరిగింది. అలా పట్టిన చేప దుకాణంలో బాగానే కనిపించి, లోపలి అవయవాలు దెబ్బతిని వారాల్లో చనిపోవచ్చు.

గుంపుకు కావలసిన చేపలన్నీ ఒకే దుకాణంలో, ఒకే రవాణాలో తీసుకోవాలి. పరిమాణం దాదాపు సమానంగా, చిన్నవిగా ఉండాలి. మగ చేప కావాలంటే ఒక్కటే, ఆడ చేపలకంటే కొంచెం పెద్దది. చూడముచ్చటగా ఉందని రెండో మగ చేపను కొంటే ఆ ఖర్చు పోయినట్టే.

ప్రయాణం, నీటికి అలవాటు

పెగడపల్లికి హైదరాబాద్ దాదాపు 200 కిలోమీటర్లు. విదేశాల నుంచి లేదా తీరం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి, అక్కడి నుంచి దుకాణానికి, అక్కడి నుంచి రోడ్డు మీద ఇంటికి చేప మూడు ప్రయాణాలు చేస్తుంది. వేసవిలో ఈ చివరి ప్రయాణం రాత్రే పెట్టుకోవాలి. ఆక్సిజన్ నింపిన సంచిని థర్మాకోల్ డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఒక్కో చేపకు ఒక్కో సంచి ఉంటే మంచిది.

సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వల్ల నీటి పీహెచ్ తగ్గుతుంది. ఆ తక్కువ పీహెచ్‌లో అమోనియా అంత విషపూరితం కాదు. సంచి విప్పి గాలి తగలగానే పీహెచ్ పెరుగుతుంది, అమోనియా విషం ఒక్కసారి పెరుగుతుంది. కాబట్టి దూర ప్రయాణం చేసిన చేపను విప్పిన సంచిలో గంటల తరబడి బొట్టుబొట్టుగా నీరు కలుపుతూ ఉంచకూడదు. ముందే ఫోను చేసి దుకాణపు నీటి ఉప్పదనం అడిగి, కొత్త చేపలను విడిగా ఉంచే క్వారంటైన్ తొట్టి నీటిని దానికి సరిపెట్టుకోవాలి. సంచిని మూసే ఉంచి తొట్టిలో తేలేసి వేడి సమానం కానిచ్చి, విప్పగానే చేపను వలతో మార్చాలి. సంచి నీటిని పారబోయాలి.

తొట్టి, నీరు

లైర్‌టెయిల్ గుంపుకు కనీసం 400 లీటర్ల తొట్టి అవసరం. బార్ట్‌లెట్ చిన్న గుంపుకు 250 లీటర్లు చాలు. ఎత్తు కన్నా పొడవు ముఖ్యం. రాళ్లను గోడలా కాకుండా గుట్టలుగా పేర్చి, గుహలు, సందులు, ముందు ఖాళీ ఈత స్థలం వదలాలి. భయపడ్డప్పుడు ఒక్కో చేపకూ దూరడానికి ఒక సందు ఉండాలి. ఆంథియాస్ బెదిరితే పైకి ఎగిరి బయట పడతాయి కాబట్టి సన్నని వల మూత తప్పనిసరి. 400 లీటర్ల తొట్టి నీరు, రాయి, అద్దంతో కలిపి 500 కిలోలు దాటుతుంది. నేల, స్టాండు ఆ బరువు మోయగలవో లేదో ముందే చూసుకోవాలి.

నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్, ఉప్పదనం లీటరుకు దాదాపు 35 గ్రాములు, సాపేక్ష సాంద్రత 1.024 నుంచి 1.026, పీహెచ్ 8.1 నుంచి 8.4 ఉండాలి. అమోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు మంచిది. చేపను తెచ్చేముందు తొట్టిలో బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నీటి మూలం విషయంలో ఈ ప్రాంతంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో చాలా చోట్ల బోరు నీళ్లు గట్టివి. కొన్నిచోట్ల ఫ్లోరైడ్, నైట్రేట్ కూడా ఉంటాయి. మిషన్ భగీరథ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండూ నేరుగా పనికిరావు. కార్బన్ ఫిల్టర్, ఆర్‌ఓ, ఆపై డీఐ రెసిన్ దాటి టీడీఎస్ మీటరులో సున్నా చూపే నీరే వాడాలి. ఊళ్లో వాటర్ ప్లాంటు అమ్మే 20 లీటర్ల క్యాన్ నీళ్లు తాగడానికి తీర్చినవి. వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి, ప్లాంటును బట్టి మారతాయి కూడా. మీటరు పెట్టి చూడకుండా వాడితే పాచి, నాచు పెరుగుతాయి.

వంట ఉప్పు గానీ, ఉప్పు మళ్లలో తీసిన గల్లుప్పు గానీ సముద్రపు నీటికి బదులు కాదు. మళ్లలో నీరు ఆవిరై సోడియం క్లోరైడు పలుకులు కట్టేటప్పుడు మెగ్నీషియం వంటి లవణాలు వెనకబడి, మిగిలిన నీటితో పారబోస్తారు. కాల్షియం అంతకు ముందే అడుగున పేరుకుంటుంది. అక్వేరియం కోసం తయారు చేసిన మెరైన్ సాల్ట్ మాత్రమే వాడాలి. 400 లీటర్లకు దాదాపు 14 కిలోలు పడుతుంది. వారానికి పదో వంతు నీరు మారిస్తే ప్రతిసారీ కిలోన్నర దాకా కొత్త ఉప్పు కావాలి. తొట్టిలో ఆవిరైపోయేది నీరే గానీ ఉప్పు కాదు. అందుకే రోజూ పోసే నీరు ఆర్‌ఓ నీరే ఉండాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పదనం పెరుగుతూ పోతుంది.

ఎండ, కరెంటు

ఉత్తర తెలంగాణలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. స్లాబు ఇంటి గదిలో పగటి వేడి 38 డిగ్రీలు పైబడితే తొట్టి నీరు 32, 33కు చేరుతుంది. వేడితో పాటు ఆక్సిజన్ తగ్గుతుంది. 35 గ్రాముల ఉప్పు ఉన్న నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే. ఎప్పుడూ ఈదుతూ ఉండే గుంపుకు ఆ తేడా కూడా ఇబ్బందే.

గాలి పొడిగా ఉన్నప్పుడు నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. మార్చి, ఏప్రిల్‌లో అది చాలవచ్చు. మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ లేదా ఏసీ గది తప్పదు. ఎండాకాలం గాలివాన వచ్చి తీగలు తెగితే కరెంటు గంటల తరబడి ఉండకపోవచ్చు. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లర్‌ను ఎక్కువసేపు నడపడం కష్టం. కానీ నీటిని కదిపే వేవ్‌మేకర్‌ను దాని మీద, ఏర్ పంపును బ్యాటరీ మీద నడిపితే గుంపు నిలుస్తుంది. ముందుగా ఐసు చేసిన ఆర్‌ఓ నీటి సీసాలను మూతపెట్టి తొట్టిలో తేలేస్తే వేడి పెరగడం నెమ్మదిస్తుంది.

తిండి

దిబ్బ ముందు ఆంథియాస్ ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మ జీవులను పొద్దంతా ఏరుకుని తింటాయి. ఒకేసారి ఎక్కువ తిని నిల్వ ఉంచుకునే కడుపు కాదు. అందుకే లైర్‌టెయిల్, బార్ట్‌లెట్ జాతులకు రోజుకు కనీసం మూడు సార్లు, కష్టమైన జాతులకు ఐదారు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. ఒక్కోసారి రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంతే వేయాలి. తిండి నీటిలో తేలుతూ ప్రవాహంతో తిరగాలి. అడుగున పడినదాన్ని చాలా ఆంథియాస్ ముట్టవు.

ఫ్రీజ్ చేసిన మైసిస్, కలానస్, సైక్లాప్స్ అనే చిన్న జలచరాలు ముఖ్యాహారం. వీటిని గ్లాసు ఆర్‌ఓ నీటిలో కరిగించి, వడగట్టి వేయాలి. కరెంటు పోయి ఒకసారి కరిగిన పొట్లాన్ని మళ్లీ గడ్డకట్టించి వాడకూడదు. దూరపు ఊళ్లలో దిగుమతి తిండి ఎప్పుడూ దొరకదు. ఇక్కడ ఆంధ్ర తీరపు రొయ్యల పరిశ్రమ అక్కరకొస్తుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు ప్రాంతాల హేచరీలు వనామి రొయ్య పిల్లలకు ఆర్టీమియా గుడ్లను పెద్ద ఎత్తున వాడతాయి. వాటికి సరఫరా చేసే డబ్బానే కొని, 28 డిగ్రీల ఉప్పునీటిలో గాలి ఇస్తే 24 గంటల్లో పిల్లలు పొదుగుతాయి. పొదిగిన పిల్లల్లో అవసరమైన కొవ్వు ఆమ్లాలు కొన్ని తక్కువ కాబట్టి పోషకం కలిపి పెట్టాలి. తాజా వనామి రొయ్యను, చేప గుడ్లను సన్నగా తరిగి, కడిగి, చిన్న ముక్కలుగా గడ్డకట్టించి వాడుకోవచ్చు.

ఉద్యోగానికి, పొలానికి వెళ్లే ఇంట్లో పగలు ఎవరూ లేకపోతే టైమర్‌తో నడిచే ఆటో ఫీడర్ మధ్యాహ్నపు తిండి అందిస్తుంది. దానికోసం చేపలకు సన్నని గుళికలు ముందే అలవాటు చేయాలి. తిండి పెరిగితే మురికి పెరుగుతుంది. మురికిని నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్ బలంగా ఉండాలి. తొట్టి కింద ఉండే సంప్‌లో నాచు పెంచే గదిలో కోపెపాడ్లు కూడా పెరిగి, గుంపుకు మధ్యలో చిరుతిండి అవుతాయి.

గుంపును దించడం, తగవులు

ఒక మగ, ఐదు నుంచి ఏడు ఆడ చేపల గుంపు లైర్‌టెయిల్‌కు సరిపోతుంది. మూడు చేపల గుంపులో పెత్తనమంతా ఒకే చేప మీద పడుతుంది. ఆడ చేపలను మొదట కలిపి దించి, రెండు మూడు వారాల తర్వాత మగ చేపను చేర్చడం ఒక పద్ధతి. మగ చేప లేకుండా అన్నీ ఆడ చేపలనే ఒకేసారి దించి, వాటిలోంచి మగ చేప తయారయ్యేవరకు ఆగడం ఇంకో పద్ధతి. చిన్న తొట్టిలో రెండోదే శాంతంగా సాగుతుంది.

గుంపు స్థిరపడ్డాక తరమడం, రెక్క విప్పి చూపడం వంటివి రోజూ ఉంటాయి. అవి మామూలే. రెక్కలు చిరిగి మూలన దాగి తిండి తప్పిన చేప మాత్రం ఆపదలో ఉన్నట్టు. దాన్ని రంధ్రాల డబ్బాలో కొన్నాళ్లు విడిగా ఉంచి తినిపించాలి. చాలా ఇళ్లలో గుంపు క్రమంగా తగ్గుతుంది. తిండి సరిపోకపోవడం దానికి ఒక కారణం. ఖాళీ అయిన చోటికి ఒక్క కొత్త చేపను దించకూడదు. చేర్చాల్సివస్తే రెండు మూడింటిని కలిపి, రాళ్లను కాస్త అటూఇటూ మార్చి దించాలి. రెండు వేర్వేరు ఆంథియాస్ జాతులను కలిపి పెట్టాలంటే తొట్టి 600 లీటర్లకు తగ్గకూడదు.

తోటి చేపలుగా క్లౌన్ చేపలు, గోబీలు, కార్డినల్ చేపలు సరిపోతాయి. లయన్ చేప, పెద్ద ట్రిగ్గర్, గ్రూపర్ వంటివి ఆంథియాస్‌ను మింగేస్తాయి లేదా తరుముతాయి.

జబ్బులు

తెచ్చిన ప్రతి గుంపునూ నాలుగు వారాల పాటు విడి తొట్టిలో ఉంచాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు క్రిప్టోకారియాన్ పరాన్నజీవి గుర్తు. పొడి చల్లినట్టు సన్నని పూత, గబగబా ఊపిరి వెల్వెట్ గుర్తు. దాన్ని కలిగించేది అమైలూడినియం. రెండింటికీ రాగి మందు పనిచేస్తుంది. అయానిక్ రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య టెస్ట్ కిట్‌తో కొలుస్తూ ఉంచాలి. ఇతర రకాల రాగి మందులకు మోతాదు వేరు, సీసా మీది సూచన చూడాలి. రాగిని ప్రధాన తొట్టిలో ఎప్పుడూ వేయకూడదు. రొయ్యలు, నత్తలు, పగడాలు చనిపోతాయి. జబ్బు ప్రధాన తొట్టిలోకి వస్తే చేపలన్నీ తీసి ఆరు నుంచి పది వారాలు దాన్ని ఖాళీగా నడపాలి.

ఆంథియాస్‌కు తరచుగా తగిలే ఇంకో జబ్బు యూరోనీమా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పక్కన రక్తం చెమ్మగిల్లినట్టు ఎర్ర పుండుగా మొదలై కొద్ది రోజుల్లోనే చేపను చంపేయగలదు. రాగి మందుకు ఇది లొంగదు. ఫార్మలిన్ స్నానం వంటి చికిత్సలు ఉన్నాయి గానీ, ఫార్మలిన్ నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, మనిషికీ హాని చేస్తుంది. అనుభవజ్ఞుల సలహా లేకుండా వాడకూడదు. ఈ జీవి చేప లేకున్నా మురికి మీద బతుకుతుంది కాబట్టి, పుండు కనిపించిన తొట్టి నుంచి చేపలు కొనకపోవడమే మంచి చికిత్స.

చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు, సముద్ర గుర్రాలు వంటివి ఉన్నాయి. వాటిని పట్టడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం. తీరం నుంచి తెచ్చిన పగడపు రాయిని తొట్టిలో పెట్టడం కూడా అంతే. ఆంథియాస్ ఆ షెడ్యూళ్లలో లేవు. కానీ గుంపు కోసం దిబ్బ అలంకరణ చేసేవారు సిరామిక్ రాయి లేదా తయారు చేసిన పొడి రాయి వాడాలి. విదేశాల నుంచి బతికి ఉన్న చేపను తెప్పించాలంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే శానిటరీ ఇంపోర్ట్ పర్మిట్, ఆపై క్వారంటైన్ ఉండాలి. దిగుమతిదారు దగ్గర ఆ పత్రాలు ఉన్నాయో లేవో అడిగే హక్కు కొనేవారికి ఉంది.

ఎవరికి తగును

బాగా చూసుకుంటే లైర్‌టెయిల్ ఐదారేళ్లు బతుకుతుంది. పెగడపల్లి వంటి ఊళ్లో ఈ గుంపును నిలపడానికి నాలుగు సదుపాయాలు ఒకేసారి ఉండాలి: పగలు తినిపించే మనిషి లేదా ఆటో ఫీడర్, టీడీఎస్ సున్నా నీరిచ్చే ఆర్‌ఓ, వేసవికి చిల్లర్ లేదా ఏసీ, కరెంటు పోతే నడిచే ఏర్ పంపు. నాలుగూ ఉన్నవారు ఐదారు చిన్న బార్ట్‌లెట్ ఆడ చేపలతో మొదలుపెట్టవచ్చు. ఒక్కటి లేకున్నా హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంట ఉప్పునీటి సరదా తీరుస్తుంది, ఖర్చూ తక్కువే.